పెద్దమ్మ వేళ్లు

మొన్న ఆదివారం పొద్దున మా కాలనీ పార్కులో ఒకాయన నన్ను ఆపాడు. కొత్తగా వచ్చినట్టున్నాడు, చేతిలో లాబ్రడార్ గొలుసు. వంగి మా కుక్క వీపు మీద చెయ్యి వేశాడు. ఉలిక్కిపడి తీసుకుని, మళ్లీ వేశాడు.

"అరె, బ్రష్ లాగా ఉందండీ! ఏ పార్లర్‌లో చేయించారు?"

"ఇంట్లోనే."

"ఎవరు చేస్తారు?"

"నేనే."

అన్నానే గానీ, నోరు దాటాక ఆ మాట సగం అబద్ధంలా వినిపించింది. చేతులు నావే. ఆ చేతులకు పని నేర్పిన మనిషి కిందటి వానాకాలంలో చనిపోయింది. ఆమె సంగతి చెప్పకుండా "నేనే" అనేసి ఇంటికి వచ్చినందుకు ఆ రోజంతా మనసు కుదురుగా లేదు. అందుకే రాస్తున్నాను.

ఆమె పేరు కాలనీలో ఎవరికీ తెలియదు. పెరుగు పెద్దమ్మ అనేవాళ్లు. నాకు ఉట్టి పెద్దమ్మ. పేరేమిటని ఒకసారి అడిగితే, "పేరుతోటి నీకేం పని బిడ్డా? పెరుగు మంచిగున్నదా లేదా, గది చెప్పు" అంది. మా కాలనీ ప్రహరీ వెనక గల్లీలో ఇల్లు. ఒక బర్రె. కొడుకు ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడుపుతాడు. శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో పుట్టి పెరిగిన గొర్రెల కాపరుల ఇంటి మనిషి. మేత భూములు తగ్గిపోయాక మందను అమ్మేశారు.

ఆమె దేన్నయినా ముందు వేళ్లతో చూసేది, తర్వాతే కళ్లతో. కొత్త చీర కట్టుకుని ఎదురుపడితే కొంగు అంచు రెండు వేళ్ల మధ్య నలిపి, "నూలన్నడా అమ్మినోడు? అబద్ధం" అనేది. బడంగ్‌పేటలో ఆమె కూతురు ఇల్లు కట్టుకుంటే గృహప్రవేశం రోజున గోడ మీద అరచెయ్యి ఆనించి, "తడి ఆరలే, తొందరపడ్డరు" అందట. ఆ చలికాలమే రంగు పొరలు పొరలుగా లేచింది. ఒకసారి నేను తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటుంటే వెనక నుంచి వచ్చి ఒక పాయ పట్టుకుని, "రక్తం తక్కువున్నది నీకు. జర దవాఖానకు పో" అంది. పోయాను. తక్కువే ఉంది.

మా ఇళ్ల మీదుగా విమానాలు చక్రాలు లెక్కపెట్టగలిగేంత కిందికి దిగుతాయి. టెర్మినల్‌లో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర పనిచేసే నేనే ఇప్పటికీ తలెత్తి చూస్తాను. ఆమె ఎన్నడూ ఎత్తలేదు. ఎందుకు చూడవు అంటే, "చేతికందనిదాన్ని సూసి ఏం చేస్త?" అంది.

ఇక కుక్క సంగతి. మా పై వాటాలో కిరాయికి ఉన్న పైలట్ దంపతులు బదిలీ అయి వెళ్లిపోతూ దాన్ని మాకు వదిలారు. పొట్టి కాళ్లు, గడ్డం, కోపిష్టి కనుబొమలు. టెరియర్ జాతి. పేరు బిస్కట్. మాకు కుక్కల గురించి ఏమీ తెలియదు. వెంట్రుకలు గుబురుగా పెరిగి కంపు కొడుతుంటే నగరంలో ఒక పార్లర్‌కు తీసుకెళ్లాం. వాళ్లు మిషన్ పెట్టి నున్నగా గొరిగి పంపారు. మూడు నెలల్లో వెంట్రుక తిరిగొచ్చింది కానీ, ఇటుక రంగు పోయి బూడిద పసుపుగా, దూదిలా వచ్చింది. లోపల చర్మం మీద ఎర్రటి పొక్కులు. రోజంతా గోక్కునేది.

పశువుల డాక్టరు చూసి తల కొట్టుకున్నాడు. "వీటి వెంట్రుక తీగలాంటిదమ్మా. కాలం తీరిన వెంట్రుకను వేళ్లతో పీకాలి, అప్పుడు కొత్తది గట్టిగా వస్తుంది. మిషన్ పెడితే చచ్చిన వేరు లోపలే ఉండిపోతుంది. చేత్తో చేసేవాళ్లు ఈ చుట్టుపక్కల ఎవరూ లేరు. మీరే ఇంట్లో నేర్చుకోండి" అన్నాడు.

ఫోన్‌లో వీడియోలు చూసి కూర్చున్నాను. నాలుగు వెంట్రుకలు పట్టి లాగానో లేదో, కుక్క కీచుమని నా మణికట్టు కరిచింది. అదే సమయానికి పెద్దమ్మ పెరుగు గిన్నెతో గేటు తీసింది.

"ఏంది బిడ్డా, కుక్కతోటి కొట్లాడుతున్నవా?"

విషయం చెప్పాను. ఆమె గిన్నె గట్టు మీద పెట్టి, చేతి గాజులు ఒక్కొక్కటే తీసి కొంగున ముడి వేసుకుంది. నేల మీద కాళ్లు చాపి కూర్చుని కుక్కను పిలవలేదు, పట్టుకోలేదు. ఊరికే కూర్చుంది. కాసేపటికి అదే వచ్చి వాసన చూసింది. అప్పుడు దాని వీపులోకి ఐదు వేళ్లూ దూర్చి కళ్లు మూసుకుంది.

"దీనికి ఊపిరాడుతలేదు. సచ్చిన బొచ్చంత లోపట ఇరుక్కున్నది. పొయ్యిల బూడిద ఉన్నదా?"

"గ్యాస్ పొయ్యి పెద్దమ్మా."

"పౌడరన్న తే."

పౌడర్ తెచ్చాను. వేళ్లకు రాసుకుంది, జారకుండా. ఎడమ చేత్తో చర్మాన్ని కొద్దిగా బిగించి పట్టి, కుడి చేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి, వెంట్రుక పెరిగిన దిక్కుకే చిన్నగా లాగింది. ఒక్క కుదుపు. ఎన్నో రావు, నాలుగైదు. కుక్క చెవి కూడా కదల్చలేదు. మళ్లీ లాగింది. పావుగంటకు అది ఆమె తొడ మీద గడ్డం ఆనించి నిద్రపోయింది.

"నొప్పి లేదా దానికి?"

"సచ్చింది రమ్మంటె వస్తది. బతికింది రాదు. రాని దాన్ని నువ్వు గుంజినవ్, అందుకె కరిచింది. తప్పు దానిది గాదు."

"నీకెట్ల తెలిసింది?"

"రోగం పడి లేసిన గొర్రెకు పాత బొచ్చు గిట్లనే చేతికి ఊడొస్తది. ఏది ఊడేదో, ఏది ఉండేదో ఏలుకు తెలుస్తది. నోటితోటి చెప్పొస్తదా?"

పేరడిగితే బిస్కట్ అన్నాను. ఆమె ముఖం చిట్లించింది. "తినేదాని పేరు పెడ్తరా జీవానికి? ఎర్రగున్నడు, ఎర్రోడు." అప్పటికి దానిలో ఎరుపు ఎక్కడా లేదు. వేరు దగ్గర ఆమె వేళ్లకే కనిపించిందేమో.

వీపు మధ్య భాగం అయ్యాక ఆపేసింది. మిగతాది ఎప్పుడంటే, "పదిహేను దినాలు ఆగాలె. ఒక్కపారి తీస్తె చలికి జ్వరమొస్తది" అని పెరుగు గిన్నె ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఆ పదిహేను రోజులు మా కుక్క చూడ్డానికి ఘోరంగా ఉండేది. నడుం మీద బట్టతల, చుట్టూ గుబురు. పార్కులో అందరూ నవ్వారు. "కుక్కకు తెగులు పట్టిందా?" అని ఒకామె పిల్లల్ని దూరంగా లాక్కుంది. మా ఆయన "పెరుగు పోసే ఆమెతో డాక్టరు పని చేయిస్తే ఇట్లనే ఉంటది" అన్నాడు. పదకొండో రోజు సిగ్గు ఆపుకోలేక నేనొక ట్రిమ్మర్ కొని తెచ్చాను. ఎడమ పక్క డొక్క నుంచి తొడ దాకా గొరిగేశాను. సమం చేద్దామనే.

ట్రిమ్మర్ ఇంకా నా చేతిలో ఉండగానే పెద్దమ్మ వచ్చింది. కుక్కను చూసింది. నన్ను చూసింది. గిన్నె దించకుండానే వెనక్కి తిరిగి గేటు దగ్గరికి వేసి వెళ్లిపోయింది.

మర్నాడు పెరుగు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కాలనీలో అందరి ఇళ్లకూ వెళ్తోంది, మా గేటు ముందు నుంచే వెళ్తోంది, ఆగదు. ఎర్రోడు గేటు కమ్మీల్లోంచి మూతి పెట్టి మూలిగేవాడు. ఆమె నడక నెమ్మదించేది, అంతే.

ఎనిమిదో రోజు డ్యూటీ దిగి యూనిఫాం మార్చకుండానే ఆమె ఇంటికి వెళ్లాను. ఒక గది, ముందు రేకుల పంచ, పక్కన బర్రె. ఆమె దాణా కలుపుతోంది. కూర్చోమనలేదు.

"తప్పయింది పెద్దమ్మా. అందరు నవ్వుతుంటే..."

"నవ్వితె ఏమైతది?"

ఆమె చేతులు కడుక్కుని లోపలికి పోయి, గోడ మేకుకు తగిలించిన గుడ్డ మూట తెచ్చి విప్పింది. మూరెడు పొడవు ఇనుప కత్తెర. గొర్రెల బొచ్చు కత్తిరించేది. చెయ్యి పట్టే చోట ఇనుము అరిగి మెరుస్తోంది.

"మా ఆయన చెయ్యి బాయికాడ ఇరిగింది. గా ఏడు బొచ్చు కోతకు మనుషులు దొరకలే. ఎండలు ముదురుతున్నయ్, గొర్లు బరువుకు రొప్పుతున్నయ్. నేను పట్టిన కత్తెర. మా కురుమోళ్లల్ల ఆడది బొచ్చు వడుకుతది గని కత్తెర పట్టదు. కట్ట మీద కూసోని మొగోళ్లందరు నవ్విన్రు. ఆడది కోస్తె మంద నాశనమైతదన్నరు. నేను తలెత్తలే. మొదటిదానికి గాట్లు పడ్డయ్. రెండోదానికి తక్కువ పడ్డయ్. పొద్దుగూకేసరికి ఒక్క గాటు లేకుంట కోసిన. మరుసటేడు ఆ నవ్వినోళ్లే వచ్చి మా మందకు గూడ జర రా చెల్లే అన్నరు. కొత్తూరు దాక పోయిన, పహాడీ షరీఫ్ గుట్టల కాడికి పోయిన."

కత్తెరను మళ్లీ గుడ్డలో చుట్టింది.

"నువ్వు కుక్కను గొరుగలే బిడ్డా. నా పనిని గొరిగినవ్."

నిలబడ్డచోటే ఏడుపొచ్చింది. ఆమె ఓదార్చలేదు. బర్రె ముందు దాణా తట్ట పెట్టి వచ్చి, చెయ్యి తుడుచుకుని అంది: "రేపొస్త. గని నేనొక్కదాన్నే చెయ్య. నువ్వు గూడ కూసోవాలె. నేర్సుకోవాలె. లేకుంటె మళ్ల మిషిన్ వడతవ్."

అట్లా మొదలైంది నా చదువు. నెలకు రెండు ఆదివారాలు, మా వరండాలో, ఎండ ఏటవాలుగా పడే వేళ. ఆమె బోధన అంతా కొట్టినట్టే ఉండేది. నా గాజులు తీయించింది. ఉంగరం తీయించింది. "మెడ కాడ బొచ్చు మెత్తగుంటది, ఆడ తొందరపడకు. చెవి మీద మూడు ఎంటికలు మించి పట్టకు. కడుపు కింద ముట్టనే ముట్టకు." నేను పీకిన ప్రతి చిటికెడూ చూపించాలి. వేళ్ల మధ్య నలిపి, "సచ్చింది... సచ్చింది... ఇగో, ఇది బతికింది" అని ఒక వెంట్రుకను వేరుచేసేది. నా కళ్లకు రెండూ ఒక్కలాగే కనిపించేవి. ఒకసారి విసుగొచ్చి మాటల్లో పడి గట్టిగా లాగాను. ఎర్రోడు కుయ్యిమన్నాడు. ఆమె వాణ్ని ఎత్తి ఒళ్లో పెట్టుకుని, "ఇయ్యాల నీకు పని లేదు, చాయ పెట్టుకరా పో" అంది. ఆ తర్వాత రెండు ఆదివారాలు నా చేత చాయే పెట్టించింది.

నేను గొరిగిన ఎడమ డొక్క దారికి రావడానికి ఏడాది పట్టింది. ముందు వీపు వచ్చింది. కొత్త వెంట్రుక మొలక మొలకగా, ముళ్లపంది ముళ్లలా గరుకుగా, ముదురు ఇటుక రంగులో. తర్వాత మెడ, కుడి పక్క. ఎడమ పక్క మాత్రం ఎన్నిసార్లు పీకినా దూదిలాగే వచ్చేది. నేను ఆశ వదులుకున్నాను. ఆమె వదల్లేదు. మిగతా కుక్క కంటే ఆ జానెడు మీదే ఎక్కువ సేపు కూర్చునేది. ఒక రోజు అక్కడ వేళ్లు పెట్టి కాసేపు ఆగి, నా చెయ్యి పట్టుకుని అదే చోట పెట్టింది. కింద, మెత్తటి పొర అడుగున, చిన్న చిన్న ముళ్లు తగిలాయి.

"వచ్చిన్రా?" అంది, మనుషుల్ని అడిగినట్టు.

"వచ్చిన్రు పెద్దమ్మా," అన్నాను.

పొక్కులు పోయాయి. గోక్కోవడం ఆగింది. సూదుల కోసం తీసుకెళ్తే డాక్టరు కళ్లజోడు పెట్టుకుని మరీ చూశాడు. "చలికాలంలో నగరంలో కుక్కల ప్రదర్శన ఉంది, తీసుకుపోండి. వీణ్ని నలుగురూ చూడాలి" అన్నాడు. పెద్దమ్మకు చెబితే, "నేను గూడ వస్త. పనిని పంపి పనిమనిషిని ఇంట్ల ఉంచుతవా?" అంది.

ప్రదర్శన జరిగే ఆదివారం ఆమె కొడుకు తన క్యాబ్‌లోనే తీసుకెళ్లాడు. పెద్దమ్మ ఉతికిన చీర, భుజం మీద నల్ల గొంగడి. మైదానంలో ఎక్కడ చూసినా మడత బల్లలు, బ్లోయర్లు, సీసాలు, రకరకాల దువ్వెనలు. ఆమె తాడు కట్టిన గీత బయట నేల మీద కూర్చుని ఒక్కొక్క కుక్కనూ కళ్లతో తడుముతోంది, చెయ్యి అందదు కాబట్టి.

జడ్జి వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పెద్దాయన. ఎర్రోణ్ని బల్ల మీద నిలబెట్టాక వీపు మీద చెయ్యి వేశాడు. వెంట్రుకను వెనక్కి దువ్వి వదిలాడు. టప్పున తిరిగి పడింది. ఎడమ డొక్క దగ్గరకు వచ్చేసరికి నేను గొలుసు బిగించి పట్టుకున్నాను. ఆయన అక్కడా దువ్వి వదిలాడు. అదీ తిరిగి పడింది. చెయ్యి ఆపి ఇంగ్లీషులో అడిగాడు, ఎవరు చేశారని. నేను తాడు బయట గొంగడి కప్పుకున్న మనిషిని చూపించాను.

బహుమతి ఇంకో కుక్కకు వచ్చింది. మావాడికి రెండో స్థానం. పళ్ల వరస వంకరగా ఉందట. పోటీ అయిపోయాక జడ్జి తాడు దాటి వచ్చి, నేల మీద కూర్చున్న ఆమె ముందు వంగి, చేతులు చూపించమన్నాడు. నేను తెలుగులో చెప్పాను. ఆమె రెండు చేతులూ చాపింది. ఆయన ఆ బొటనవేళ్లను చూసి, నాతో ఒక మాట చెప్పి వెళ్లిపోయాడు.

"ఏమన్నడు?"

"ఇయ్యాల ఈడ ఇంత మంచి బొచ్చు ఇంకో కుక్కకు లేదన్నడు."

"మరి రెండోది ఎందుకిచ్చిండు?"

"పండ్లు వంకరున్నయట."

"పండ్లు నా పని గాదు," అంది పెద్దమ్మ, గొంగడి సర్దుకుంటూ. ఆ మాట అన్నప్పుడు ఆమె మెడ నిటారుగా ఉన్న తీరు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

అప్పటిదాకా పక్కన నిలబడి చూస్తున్న ఒకావిడ ముందుకొచ్చింది. నగరంలో పార్లర్ నడుపుతుందట. విజయవాడ వైపు మాట.

"అమ్మా, వెంట్రుక పీకడానికి మీరు ఏ కత్తి వాడతారండీ?"

"కత్తా? కత్తి కోడికి. జీవానికి ఏళ్లు."

"మా పార్లర్‌కు వచ్చి పని చేస్తారా అండీ? మీకు ఏ ఇబ్బందీ లేకుండా చూసుకుంటాను."

పెద్దమ్మ ఆమె పొడవాటి రంగు గోళ్లను చూసింది. "నేనెందుకొస్త? నువ్వే రా. కింద కూసుంటవంటె నేర్పిస్త."

వస్తుందని నేననుకోలేదు. పై ఆదివారమే కారులో వచ్చింది, మా వరండాలో చాప మీద కూర్చుంది. పెద్దమ్మ ఆమె చేతులు తిప్పి చూసి, "గీ గోర్లతోటి ముడతవా? కత్తిరించుకొని రా పో" అంది. ఆవిడ ఎక్కడికీ పోలేదు. నా దగ్గర నెయిల్ కట్టర్ అడిగి తీసుకుని అక్కడే పదింటినీ కత్తిరించేసింది. పెద్దమ్మకు నచ్చింది. ఎర్రోడి మెడ దగ్గర వెంట్రుక పట్టడం ఆవిడకు తొలి పాఠంలోనే చూపించింది. నాకు మూడు నెలలు పట్టిన పాఠం. అసూయ పడ్డానని దాచను. అంతకంటే ఎక్కువగా, నగరం నుంచి కారు వేసుకుని ఒక మనిషి ఈ గల్లీ పెద్దమ్మ దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిందని వీధిలో అందరికీ కనబడాలని, గేటు బార్లా తెరిచిపెట్టాను.

కిందటి వానాకాలం మొదట్లో ఆమెకు దగ్గు పట్టుకుంది. తగ్గలేదు. ఒక మధ్యాహ్నం కొడుకు ఫోన్ చేస్తే పెద్ద దవాఖానకు వెళ్లాను. మంచం మీద కూర్చోబెట్టి ఆక్సిజన్ పెట్టారు. నర్సు అట్టకు కాగితం పెట్టుకుని వివరాలు రాసుకుంటోంది. పేరు, వయసు, ఊరు అన్నీ కొడుకే చెబుతున్నాడు.

"ఏం పని చేస్తది?"

"ఏం లేదు మేడం, ఇంట్లనే ఉంటది," అన్నాడు. మంచి కొడుకే. తల్లిని కష్టపెట్టకుండా చూసుకుంటున్నానన్న అర్థంలోనే అన్నాడు.

పెద్దమ్మ చెయ్యి లేచింది. ఆ వేళ్లు మాస్కును పట్టుకుని గడ్డం కిందికి లాగాయి.

"ఎవలన్నరు ఏం లేదని? పని చేస్త. రాయి బిడ్డా."

"మాస్కు తియ్యొద్దమ్మా. సరే, ఏం రాయాలె?"

"జీవాల బొచ్చు పని. చిన్నప్పటి సంది." ఊపిరి అందక ఆగింది. మళ్లీ తీసుకుంది. "చేతితోటి. గది గూడ రాయి."

నర్సు మా ఇద్దరి వంకా చూసింది. రాయమని తలూపాను. రాసింది. ఆ చిన్న గడిలో మాట పట్టక చివరి అక్షరాలు గీత దాటి పక్క గడిలోకి పోయాయి. పెద్దమ్మకు చదువు రాదు. అయినా కాగితం ఇటు తిప్పమని సైగ చేసి, సిరా తడి మీద చూపుడువేలు ఆనించి ఆ వరస పొడవునా నడిపింది.

"ఇగ సరే," అని మాస్కు తనే పైకి లాక్కుంది.